డూప్లికేట్ కంప్యూటరూ, దక్కని గోడ గడియారమూ

నా దుకాణానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. టీవీ పాడైందని వచ్చేవాళ్లు మొదటి రకం. నేను దాన్ని బాగుచేశాక మళ్లీ వచ్చేవాళ్లు రెండో రకం. ప్లాంటు బయట ఈ కోహ్కా బస్తీలో ఇన్నేళ్లుగా నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే అది రెండో రకం వాళ్ల దయ. కాబట్టి మొన్న ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 6లో మావయ్య వీడ్కోలు భోజనాల దగ్గర ఆయన నన్ను చూపించి "ఈడు సెయ్యెట్టింది ఏదీ బాగుపడదు" అన్నప్పుడు నాకేమీ కోపం రాలేదు. అందరికంటే ముందు నేనే నవ్వాను. కోపం ఆ తర్వాతి మాటకి వచ్చింది.

మావయ్య అంటే చుట్టం కాదు. ఆయనా మా నాన్నా ఒకే ఏడాది శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ హిందీ ఊళ్లోని ఉక్కు ప్లాంటుకి వచ్చారు. పక్కపక్క క్వార్టర్లు వచ్చాయి. ఒకే గ్యాంగులో డ్యూటీ పడింది. నాన్న ఇప్పుడు లేరు. మావయ్య రిటైరయ్యాక కూడా క్వార్టరు లీజుకి తీసుకుని ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు అది ఖాళీ చేసి విజయనగరంలో కట్టుకున్న సొంతింటికి వెళ్తున్నారు. సామాన్ల లారీ రావడానికి ఇంకా రెండు వారాలుందనగా ఆ భోజనాలు పెట్టారు.

మా అమ్మాయి విస్తట్లో ఇంకో బూరె వేస్తూ ఆయన మొదలెట్టారు. "మీ నాన్నున్నాడే, నీకు తెలీదు గానీ పెద్ద మాయగాడు. సిన్నప్పుడు ఓ డూప్లికేట్ కంప్యూటరెట్టుకుని, నాకు రావాల్సిన గడియారాన్ని ఆల నాన్నకిప్పించీసినాడు."

బంతి అంతా నవ్వింది. ఈ కథ నేను ముప్పై అయిదేళ్లుగా వింటున్నాను. పెళ్లిళ్లలో విన్నాను, గణేశ్ పందిట్లో విన్నాను, ఓసారి ఆసుపత్రిలో ఆయన చేతికి సెలైను ఎక్కుతుండగా కూడా విన్నాను. పదిమందినీ ఏడిపించేవాడిని, నన్ను ఏడిపిస్తే మూతి ముడుచుకోకూడదు కదా, అందుకని ప్రతిసారీ నవ్వేవాణ్ని. ఈసారి మాత్రం మా అమ్మాయి బూరె నములుతూ నావైపు తిరిగి, "పప్పా, సచ్ మే?" అని అడిగింది. నిజమేనా అని. ఆ పిల్లకి నేను ఏం సమాధానం చెప్పాలి? నా బతుకులో సొంత బుర్రతో చేసిన పని ఒక్కటే ఒక్కటి ఉంది. అది తప్పని ఊరంతా అనుకుంటోంది. ఆయన సామాను లారీ ఎక్కితే ఆ మాట అలాగే ఖాయమైపోతుంది.

సంగతేమిటంటే, ఎనభైల చివర్లో నాన్న నాకో కంప్యూటర్ తెచ్చారు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ ఆఫీసరు దాన్ని వదిలించుకుంటుంటే మా నాన్న తగులుకున్నారు. అసలు యంత్రం ఇంగ్లండుది. మనవాళ్లు దాన్ని విప్పి చూసి, అలాంటిదే ఇంకోటి చేసి, పైన వేరే పేరు అతికించారు. బల్ల మీద పరిస్తే పలకంత. నల్ల డబ్బా, రబ్బరు మీటలు. నొక్కితే చిన్నపిల్ల బుగ్గ నొక్కినట్టుండేది. టీవీకి తగిలిస్తే అదే తెర. టేప్ రికార్డరుకి తగిలిస్తే అదే బీరువా. రాసిన ప్రోగ్రాం క్యాసెట్లోకి ఎక్కించుకోవాలి. మళ్లీ కావాలంటే క్యాసెట్ తిప్పి అది కీచుమంటూ పెట్టే రొద వినిపించాలి. ఇంకో వింత ఏమిటంటే, ఒక మీట నొక్కితే ఒక ఇంగ్లీషు మాట మొత్తంగా తెర మీదికి వచ్చి కూర్చునేది. స్పెల్లింగుతో పనిలేదు. ఇంగ్లీషులో ముప్పై అయిదు దాటని నాకోసమే ఎవరో కూర్చుని చేసినట్టుండేది.

ఆ ఏడాదే నేను తొమ్మిదో తరగతి తప్పాను. మళ్లీ అదే క్లాసులో, నా భుజం దాకా రాని పిల్లల మధ్య కూర్చోలేక మానేశాను. బడి మానేసినవాడికి కంప్యూటరేమిటని అమ్మ అడిగితే, అది చూసైనా వీడికి చదువు మీద మనసు పుడుతుందేమోనన్నారు నాన్న. నాకు చదువు మీద పుట్టలేదు. షిఫ్టుల మీద పుట్టింది.

నాన్నవాళ్ల గ్యాంగుకి రెండు రోజులు మధ్యాహ్నం డ్యూటీ, రెండు రోజులు పొద్దుటి డ్యూటీ, రెండు రోజులు నైట్, ఆ తర్వాత రెండు రోజులు ఆఫ్. ఎనిమిది రోజుల చక్రం. వారానికి ఏడే రోజులు కాబట్టి ఏ వారమూ ముందటి వారంలా ఉండదు. ప్రతి ఇంట్లోనూ కేలండరు మీద పెన్సిలు రాతలే. వచ్చే నెల ఇరవయ్యో తారీకున ఏ డ్యూటీ అని అడిగితే ఇంటాయన వేళ్లు లెక్కపెట్టడం మొదలెట్టేవాడు, అన్నం చల్లారిపోయేది. నేను రెండు నెలలు కుస్తీపట్టి ఆ లెక్కని పెట్టెలోకి ఎక్కించాను. మొదటి నైట్ ఏ తారీకో ఒక్కసారి చెప్తే చాలు. ఇక ఏడాదిలో ఏ తారీకు అడిగినా పేరుతో సహా తెర మీద చెప్పేది.

వీధి వీధంతా వచ్చింది. డ్యూటీ నుంచి దిగి సైకిలు గోడకి ఆనించి, "ఏట్రా బాబూ, నా పేరు కూడా ఎక్కించు" అనేవారు. నాన్న వాళ్లకి టీ పోయించేవారు. బడి మానేసిన కొడుకు గురించి ఆయన నలుగురిలో తలెత్తి మాట్లాడింది ఆ నాలుగైదు నెలలే. మావయ్యా వచ్చారు. ఆయనదీ నాన్నదీ ఒకే గ్యాంగు, విడిగా ఎక్కించక్కర్లేదు. కానీ ఎవరి పేరు వాళ్లకి తెర మీద చూసుకోవాలని సరదా. ఆయన ఓ తారీకు చెప్పారు, నేను ఎక్కించాను. పేరు చూసుకుని మురిసిపోయి వెళ్లారు, డ్యూటీలేవీ అడగలేదు.

నాన్నవాళ్ల విభాగంలో ఏడాది పొడుగునా ఒక్క డ్యూటీ కూడా మానని వాళ్లలో ఒకరికి గోడ గడియారం ఇచ్చేవారు. సెలవు పెట్టినా సరే, లెక్కలోంచి పోయినట్టే. ఆ ఏడాది బరిలో మిగిలినవాళ్లు ఇద్దరే, నాన్నా మావయ్యా. అప్పుడే విజయనగరంలో మావయ్య తమ్ముడు ఇల్లు కట్టుకుని, పక్కపక్క రోజుల్లో రెండు ముహూర్తాలు రాసి, నీకేది వీలని ఉత్తరం వేశాడు. ఆఫ్ రెండు రోజుల్లో వెళ్లి వచ్చేయాలి కాబట్టి మావయ్య మా ఇంటికొచ్చి పెట్టెని అడిగారు. పెట్టె రెండో ముహూర్తం అంది. ఆయన అదే రాసేసి, టికెట్లు తీసుకున్నారు.

నాన్నతో ఒక్కమాట అనుంటే పోయేది. అనలేదు. మావాళ్లెవరైనా ఊరు వెళ్తుంటే బయలుదేరే రోజు దాకా నోరు విప్పరు. తెలిసిందా, వీధంతా పార్శిళ్లు పట్టుకొచ్చేస్తుంది. ఒకరు చీరలు, ఒకరు మందులు, ఒకరు మనవడికి స్వెట్టరు. రైల్లో మనిషికి చోటుండదు. అందుకని ఆయన గుట్టుగా ఉన్నారు. తీరా ఆ వారం వచ్చాక చూస్తే ఆఫ్ ఒకరోజు ముందే వచ్చేసింది. మొదటి ముహూర్తమైతే సరిగ్గా సరిపోయేది. తమ్ముడు అప్పటికే అందర్నీ పిలిచేశాడు. మావయ్య ఒకరోజు సెలవు పెట్టి వెళ్లారు. గడియారం నాన్నకి వచ్చింది. మా ముందుగదిలో మేకు కొట్టి తగిలించాం. మావయ్య వచ్చిన ప్రతిసారీ దానికి వీపు పెట్టి కూర్చునేవారు.

వారం తిరక్కుండా నాన్న పెట్టెని అటక మీద పడేశారు. ఓ ఏడాదికి ఎవరికో ఇచ్చేశారు. నన్ను టీవీ రిపేరు దుకాణంలో చేర్చారు. నన్ను ఒక్కమాట అనలేదు, అంటే బాగుండేది. లెక్క తప్పు కాదని నేను ఎన్నోసార్లు చెప్పబోయాను. రుజువేదీ? ప్రోగ్రాం ఉన్న క్యాసెట్టొక్కటే దాచుకున్నాను.

అందుకని భోజనాల మర్నాడే పని మొదలెట్టాను. క్యాసెట్ ఉంది, వినే యంత్రం కావాలి. మా అమ్మాయి ఫోన్లో చూసి, "ఆ పాతవి ఇప్పుడు కొత్తగా చేస్తున్నారు పప్పా, చాలామంది ముచ్చటపడి కొంటున్నారు" అంది. తెప్పించింది. అచ్చు అదే నలుపు, అవే మీటలు. నాకు ఒక్క క్షణం పద్నాలుగేళ్లు వచ్చేశాయి. తిప్పి చూస్తే, వెనకాల క్యాసెట్ తీగ గుచ్చాల్సిన చోట రంధ్రం లేదు, నల్ల చుక్క ఉంది. రంగు వేశారు. నకలుకి నకలు చేసి, చెవి బదులు చెవి బొమ్మ గీసిన మహానుభావుడెవడో దొరికితే నా దుకాణంలో ఉద్యోగమిచ్చి రోజూ తిట్టుకుందును. లోపల అరవై ఆటలున్నాయి. ఆడుకోవాలట. బెంగపడేవాళ్ల కోసం చేసిన సరుకది. బెంగ తీరుతుంది, పని జరగదు.

"పోనీ ఆ రొదని ఫోన్లోకి రికార్డు చెయ్యి, దాన్ని చదివే ప్రోగ్రాములున్నాయి" అంది అమ్మాయి. చేశాను. అది చదివి, ఇందులో ఏమీ లేదంది. మా అమ్మాయి నావైపు జాలిగా చూసింది.

నాలుగు రోజులు దుకాణం మూసి తిరిగాను. చివరికి సిమెంటు ఫ్యాక్టరీ పక్కనున్న జాముల్ అనే ఊళ్లో, పాత సామాన్లు కొనే ఓ కబాడీ కొట్టులో, విరిగిన పిల్లల బొమ్మల కుప్పలోంచి కొట్టతను ఒకటి తీశాడు. "యే ఖిలోనా చాహియే భయ్యా?" అన్నాడు. ఈ బొమ్మే కావాలా అని. మా మోడలే. మీటల మధ్య సిమెంటు దుమ్ము. ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాను.

ఆ తర్వాతి వారం గురించి మర్యాదగా రాయడం కష్టం. విప్పగానే మీటల కింది ప్లాస్టిక్ పొర అప్పడంలా విరిగింది. దాన్ని అతికితే అంకెల వరస మొత్తం చచ్చిపోయింది. కొత్త టీవీ దీని బొమ్మని పట్టుకోదు. దుకాణంలో ఎవరో వదిలేసిపోయిన పాత కలర్ టీవీని బతికించాను. బొమ్మ వచ్చింది, యంత్రం వేడెక్కి ఆగిపోయింది. దాన్ని చల్లబరిస్తే టేప్ రికార్డరు బెల్టు కరిగి తారులా వేళ్లకి అంటుకుంది. ఇవన్నీ దాటాక అసలు నరకం. ప్రోగ్రాం ఎక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది. శబ్దం ఎక్కువైతే ఎక్కదు, తక్కువైతే ఎక్కదు. టేపు చదివే ముక్క పక్కనున్న స్క్రూ వెంట్రుకవాసి అటైతే ఎక్కదు. ఎక్కనని మొదట్లోనే చెప్పదు. తెర అంచుల వెంట రంగుగీతలు పరిగెత్తించి, రెండో నిమిషం చివర్న, అయిపోయిందని నేను ఊపిరి తీసుకునే సమయానికి చెప్తుంది: టేప్ లోడింగ్ ఎర్రర్. ఫోన్ గ్రూపుల్లో నా వయసువాళ్లు ఈ డబ్బాల ఫోటోలు పెట్టి, ఆ రోజులే వేరని రాసుకుంటుంటారు. వేరే మరి. ఆ రోజుల్లో కూడా ఇది పదిసార్లకి ఒకసారే పనిచేసేది. మనకి అప్పుడు వేరే పనిలేదు, అంతే తేడా.

శుక్రవారం మధ్యాహ్నం, లారీకి రెండు రోజులుందనగా, ఎక్కింది. అదే నీలం తెర, అవే మొద్దు అక్షరాలు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేస్తే నేల అదిరి ఆగిపోతుందని భయం. ముందు లెక్క చూశాను. ఎనిమిది రోజుల చక్రం, లీపు సంవత్సరం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. చంటివాడి రాతలాంటి ప్రోగ్రామే గానీ ఒక్క తప్పు లేదు. మా నాన్నకి చూపించాల్సింది. అప్పుడు పేర్ల జాబితా తెరిచాను.

మొదటి వరస నాన్న పేరు. పక్కన మొదటి నైట్ తారీకు: నాలుగు. దాని కింద మావయ్య పేరు. పక్కన: అయిదు.

ఒకే గ్యాంగు. ఒకే రాత్రి, ఒకే రోడ్డు మీద, రెండు సైకిళ్లూ పక్కపక్కనే వెళ్లాయి. నాన్న తారీకు నాన్ననడగలేదు, నేనే ఎక్కించాను. అమ్మ పదిగంటల డ్యూటీకి బాక్సు కట్టిన రోజు నాలుగు, కాబట్టి నాకు అది నాలుగో తారీకు నైట్. మావయ్య చెప్పింది అయిదు. ఆ ఒక్కరోజు తేడాతో ఆయనకి ఏడాదంతా ఒకరోజు జరిగిపోయింది. పెట్టె తప్పు చెప్పలేదు. తనకి చెప్పిన తారీకు నుంచే లెక్కపెట్టింది. తప్పు తారీకు చెప్పింది మావయ్య.

గెలిచాను కదా అనుకుంటే, ఒక చిక్కు కనబడింది. కన్నతండ్రికి సరైన తారీకు, పక్కింటాయనకి తప్పు తారీకు. కొడుకే ఎక్కించాడు. గడియారం తండ్రికొచ్చింది. రెండు వారాలు నిద్రాహారాలు మాని నేను సంపాదించిన రుజువు నన్నే పట్టిస్తోంది. అందుకని తెరని రెండు ఫోటోలు తీశాను, నాన్న వరసది ఒకటి, మావయ్య వరసది ఒకటి. చూపించేది రెండోదే అనుకున్నాను.

శనివారం పొద్దున్న వెళ్లాను. ఇంటినిండా అట్టపెట్టెలు. మావయ్య ముందుగదిలో కూర్చుని పరుపుచుట్టకి తాడు కడుతున్నారు. అత్తయ్య టీ ఇచ్చింది. నేను ఫోన్ ఆయన ముందు పెట్టాను.

"ఇదేటి?" అన్నారు.

"మీరు నాకు చెప్పిన తారీకు మావయ్యా. క్యాసెట్లోంచి తీశాను. అయిదు అని మీరే చెప్పారు. మొదటి నైట్ నాలుగు. తప్పు నాది కాదు, పెట్టెదీ కాదు."

ఆయన కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుని చూశారు. "అయిదే. డ్యూటీ కార్డు సూసి సెప్పినాను. నైటుకి పదిగంటలకెల్తే, దిగిన తారీకే ఏస్తారు కార్డులో. నాలుగున ఎల్లినాం, అయిదున దిగినాం. అయిదే."

ఎక్కిన రోజు నాది, దిగిన రోజు ఆయనది. ఇద్దరమూ ఒకే రాత్రి గురించి మాట్లాడుకున్నాం. ఎక్కేదా దిగేదా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఈలోగా అత్తయ్య ఫోన్ తీసుకుని వేలితో పక్కకి జరిపింది. ఇప్పుడు అందరికీ అలవాటే కదా. "ఇదేటి, అన్నయ్యగారికి నాలుగుంది?"

మావయ్య తాడు వదిలేశారు. "అదీ. నేనిన్నాళ్లూ ఏటన్నాను? ఆల నాన్నకి సరిగ్గా ఎక్కించి, నాకు అడ్డంగా ఎక్కించినాడు."

"నాకు మీ కార్డు సంగతి ఎలా తెలుస్తుంది మావయ్యా, నేనేమైనా ప్లాంటులో చేశానా? మా ఇంట్లో బాక్సు కట్టిన రోజే నైట్."

"మరి అడగాల."

"మీరు చెప్పాలి."

"కంప్యూటరు నీదా, నాదా?"

"కుర్రోడితో దెబ్బలాటేటి, టీ సల్లారిపోతంది" అంది అత్తయ్య. నాకు యాభై దాటాయి.

అప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండింది. గెలుపు కాదు, ఓటమి కాదు. ముప్పై అయిదేళ్లు మోసింది ఇందుకా? లేచి నిలబడి అనేశాను. "అసలు నన్నెందుకడిగారు మావయ్యా? మీదీ నాన్నదీ ఒకే గ్యాంగు. ఆయనకి ఆఫైతే మీకూ ఆఫే. ఊరెళ్తున్నానని చెప్పకుండానే ఆఫెప్పుడని మా నాన్ననడిగితే సరిపోయేది కదా. తెర మీద పేరు చూసుకోవాలన్న సరదా మీది. గడియారం పోయింది ఆ సరదా వల్ల. నా వల్ల కాదు."

ఆయన పరుపుచుట్ట మీద మోకాలు వేసి తాడు బిగించారు. నేను టీ అక్కడే పెట్టి వచ్చేశాను.

మర్నాడు వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. బీరువా దించడానికి మనిషి చాలలేదన్నారు. ఎండెక్కేసరికి లారీ నిండింది. అత్తయ్య స్టేషనుకి వెళ్లే కారులో ఎక్కి కూర్చుంది. మావయ్య ఖాళీ క్వార్టరుకి తాళం వేసి, మెట్లు దిగి, చెమట తుడుచుకుంటున్న నా దగ్గరికి వచ్చి ఆగారు.

"నిన్న అడిగినావు కదా, మీ నాన్ననడక్కుండా నిన్నెందుకడిగినానని," అన్నారు. "తొమ్మిది తప్పీసి, బడికెల్లక, పొద్దస్తమానం ఆ పెట్టి ముందల ఒక్కడివే కూకునీవోడివి. ఎవులో ఒకలు నిన్నేదో ఒకటి అడగాల కదేట్రా. అందుకడిగినాను. నువ్వు నిజంగా జవాబు సెప్పీస్తావని నాకేటి తెల్సు?"